సెక్రటేరియట్ గుండెను ఎవరూ తూచలేదు

మలక్‌పేట రేసుల వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "అమెరికా గుర్రం సెక్రటేరియట్ ఒక్క రేసూ ఓడలేదు. 1973 బెల్మాంట్ రేసులో చివరిదాకా వేగం పెంచుకుంటూ పోయి 31 లెంగ్త్‌లతో గెలిచింది. చనిపోయాక గుండె తూస్తే 10 కిలోలు. గుర్రప్పిల్లను కొనేటప్పుడు గుండె స్కాన్ ఒక్కటి చూసుకుంటే చాలు." ఇందులో 31 లెంగ్త్‌లు (ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) మాత్రం నిజం.

ఒక్క రేసూ ఓడలేదా? 21 సార్లు పరిగెత్తి 16 గెలిచింది. 1972 జులై 4న మొదటి రేసులోనే స్టార్ట్‌లో పక్క గుర్రం గుద్దుకుని నాలుగో స్థానంలో వచ్చింది. షాంపేన్ స్టేక్స్ రేసులో ముందొచ్చినా, ఇంకో గుర్రానికి తగిలిందని రెండో స్థానానికి దించారు. విట్నీ రేసులో ఆనియన్ అనే గుర్రం చేతిలో, వుడ్‌వర్డ్ రేసులో ప్రూవ్ అవుట్ చేతిలో ఓడింది. ఆ రెండు గుర్రాలకూ ట్రైనర్ ఒక్కడే, అలెన్ జెర్కెన్స్.

అన్నిటికంటే ఎక్కువ నేర్పే ఓటమి వుడ్ మెమోరియల్ రేసుది. కెంటకీ డెర్బీకి రెండు వారాల ముందు మూడో స్థానం. పై పెదవి లోపల చీముగడ్డ. కళ్ళెం ఇనుము నోట్లో ఉంటుంది కదా, జాకీ పగ్గం లాగిన ప్రతిసారీ నొప్పి నోటికే తగులుతుంది. అలాంటి గుర్రం కళ్ళేన్ని పట్టుకుని ఒళ్ళు సాచి పరిగెత్తదు, తల పైకెత్తేస్తుంది. నోటి నొప్పితో గుర్రం మేత కూడా వదిలేయొచ్చు. అందుకే దాణా తొట్టిలో మేత మిగిలితే, సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) మొదట గుర్రం నోరు తెరిచి చూడాలి.

చివరిదాకా వేగం పెంచిందా? ఇక్కడ రెండు రేసులు కలిపేశారు. అలా పరిగెత్తింది కెంటకీ డెర్బీలో. మన దక్కన్ డెర్బీ అంత దూరమే, సుమారు 2000 మీటర్లు. ఒక్కో పావు మైలుకు 25.2, 24, 23.8, 23.4, 23 సెకన్లు, మొత్తం 1:59.4. బెల్మాంట్ మైలున్నర. అక్కడ మొదటి ఆరు ఫర్లాంగులు (ముప్పావు మైలు) 1:09.8లో దాటింది. ఆ దూరపు రేసుకు అది ప్రమాదకరమైన వేగం. ఆ తర్వాత పావు మైళ్ళకు 24.4, 24.8, 25 సెకన్లు. అంటే నెమ్మదించింది, కానీ చాలా కొద్దిగా. దాని పక్కనే ఆ వేగంతో పోటీపడ్డ షామ్ అనే గుర్రం పూర్తిగా అలసిపోయి, అయిదు గుర్రాల్లో ఆఖరున వచ్చింది. ట్రాక్‌వర్క్ (సాధన పరుగుల) టైమింగులు చూసే అలవాటున్నవాళ్ళకు ఆ 31 లెంగ్త్‌ల దూరం ఎక్కడ పుట్టిందో ఈ అంకెల్లోనే తెలుస్తుంది. మొత్తం 2:24, అంతకుముందు ట్రాక్ రికార్డు 2:26.6.

ఇక గుండె. 1989 అక్టోబరు 4న, కాలి గిట్టల జబ్బు లామినైటిస్ ముదిరిపోవడంతో సెక్రటేరియట్‌కు ప్రాణవిముక్తి కలిగించారు. గుండెను చూసిన పాథాలజిస్ట్ థామస్ స్వెర్జెక్ అది మామూలుకు రెట్టింపు ఉందన్నారు. జబ్బు లక్షణాలేవీ లేవు. కానీ తూకం వేయలేదు. 22 పౌండ్లు, అంటే 10 కిలోలు, తర్వాత వేసిన అంచనా. మామూలు థరోబ్రెడ్ (రేసు జాతి గుర్రం) గుండె సుమారు 4 కిలోలు. ఆయన నిజంగా తూచింది షామ్ గుండెను, 18 పౌండ్లు, అంటే సుమారు 8 కిలోలు. అంత గుండె ఉన్న గుర్రమే బెల్మాంట్‌లో ఆఖరున వచ్చిందన్నమాట!

స్కాన్ చాలా? గుండె కండరం శిక్షణతో పెరుగుతుంది. ఏడాదిన్నర గుర్రప్పిల్లలో కొలిచేది ఇంకా పూర్తికాని గుండె. ఈసీజీతో 'హార్ట్ స్కోర్' తేల్చి గెలుపు ముందే చెప్పాలని ఆస్ట్రేలియాలో ప్రయత్నించారు, నమ్మదగ్గ ఫలితం రాలేదు. ఆ డబ్బు గొంతు ఎండోస్కోపీకి, కీళ్ళ ఎక్స్‌రేలకు పెట్టండి. పరుగులో గుర్రం అడుగుకొక ఊపిరి తీస్తుంది. స్వరపేటికలో ఎడమవైపు పడిపోయి ఉంటే గాలి సరిగ్గా లోపలికి పోదు, గుండె ఎంత పెద్దదైనా ఆ లోటు తీర్చలేదు.