ఎమ్మెస్సీ గణితం: పేపర్ల ఎంపిక నాలుగో సెమిస్టర్ నుంచి వెనక్కి సాగాలి

మూడో సెమిస్టర్ తరగతులు మొదలైన వారంలో అనంతపురంలో ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని ఎలక్టివ్ (విద్యార్థి ఎంచుకునే పేపరు) పత్రం పట్టుకుని సలహా కోసం వచ్చింది. గాల్వా థియరీ (సమీకరణాల మూలాలను పరిశీలించే ఆల్జీబ్రా శాఖ), ఫ్లూయిడ్ డైనమిక్స్, గ్రాఫ్ థియరీ, ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉత్తమ నిర్ణయాన్ని లెక్కగట్టే అనువర్తిత గణితం) అని నాలుగు పేర్లున్న ఆ పత్రంలో చివరిదాని పక్కన పెన్సిల్‌తో అప్పటికే టిక్కు పెట్టుకుంది. కారణం అడిగితే, "సీనియర్ల నోట్సు ఉంది సార్, ఐదేళ్ల పాత పేపర్లు కూడా దొరికాయి" అన్నది. చదువయ్యాక ఏం చేయాలనుకుంటున్నావమ్మా అని అడిగితే, "ఆల్జీబ్రాలో పీహెచ్‌డీ చేయాలని ఉంది సార్" అన్నది. ఈ రెండు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగవని ఆ అమ్మాయికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. తెలివైన విద్యార్థినే, ఆమెకు లేనిదల్లా నాలుగు సెమిస్టర్లను కలిపి చూసే ప్రణాళిక ఒక్కటే.

రాయలసీమలో గణితంలో పీజీ చదవడానికి ఇప్పుడు చోటు కరువేమీ లేదు. అనంతపురంలో 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో 2006 నాటి యోగి వేమన, కర్నూలులో 2008 నాటి రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. సీటు సంపాదించడం గురించి ఇళ్లలో ఎంతో చర్చ జరుగుతుంది. సీటు వచ్చిన తరువాత ఏ పేపరు ఎందుకు చదవాలన్న చర్చ మాత్రం దాదాపు ఎక్కడా జరగదు. ఏ సెమిస్టర్‌కు ఆ సెమిస్టరే అన్నట్టు రెండేళ్లు గడిచిపోతాయి.

గణితంలో ఈ పద్ధతి పనికిరాకపోవడానికి కారణం ఆ శాస్త్ర స్వభావంలోనే ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. సంవృత అంతరంపై అవిచ్ఛిన్నమైన ప్రమేయం అక్కడ ఏకరూప అవిచ్ఛిన్నం కూడా అవుతుందని డిగ్రీలోనే చదువుతాం. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ రియల్ అనాలిసిస్‌లో దాని వెనకనున్న అసలు కారణం, అంటే కాంపాక్ట్‌నెస్, తెలుస్తుంది. టోపాలజీలో దూరం అనే భావనను కూడా వదిలేసి, ఎన్ని వివృత సమితులతో కప్పినా వాటిలో పరిమిత సంఖ్యలో కొన్నే చాలుననే నిర్వచనంగా అదే భావన మళ్లీ ఎదురవుతుంది. ఆ తరువాత ఫంక్షనల్ అనాలిసిస్‌లో అడుగుపెట్టగానే, అంతదాకా నమ్ముకున్న ఫలితం, అంటే సంవృతమూ పరిబద్ధమూ అయిన సమితి కాంపాక్ట్ అవుతుందన్న మాట, చేజారుతుంది. వర్గాల మొత్తం పరిమితంగా ఉండే అనుక్రమాల అంతరాళంలో ఒక్కో స్థానంలో 1, మిగతా అన్నిచోట్లా 0 ఉన్న సదిశలను వరుసగా తీసుకుంటే, అవన్నీ సంవృతమూ పరిబద్ధమూ అయిన యూనిట్ గోళంలోనే ఉంటాయి. అయినా ఏ రెండింటి మధ్య దూరం చూసినా రెండు వర్గమూలమే. కాబట్టి వాటిలోంచి అభిసరించే ఉపానుక్రమం ఒక్కటి కూడా దొరకదు, ఆ గోళం కాంపాక్ట్ అయితే ఒకటైనా దొరికి తీరాలి. ఆ మాట అనంత డైమెన్షన్లలో నిలవదని ఈ చిన్న లెక్క చెప్పేస్తుంది. మొదటి సెమిస్టర్‌లో కాంపాక్ట్‌నెస్‌ను పరీక్ష కోసం బట్టీపట్టిన విద్యార్థికి ఇక్కడ ఆశ్చర్యమే కలగదు, అతనికి ఇది బట్టీపట్టాల్సిన మరో సిద్ధాంతం. నా దృష్టిలో ఎమ్మెస్సీలో జరిగే అతిపెద్ద నష్టం ఇదే.

బీజగణితం వైపు ఇంతటి బరువును మోసేది లీనియర్ ఆల్జీబ్రా. డిగ్రీలో మాత్రికల లెక్కలు చేశాం కదా అని దాన్ని తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ. కాని క్షేత్ర విస్తరణ (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం సాగే సంఖ్యల సమితిని కొత్త సంఖ్యలు చేర్చి పెంచడం) డిగ్రీ అంటే ఒక సదిశాంతరాళపు (వెక్టర్ స్పేస్) డైమెన్షనే. 60 డిగ్రీల కోణాన్ని కొలబద్ద, వృత్తలేఖినులతో మూడు సమభాగాలు చేయడం అసాధ్యమని వాంట్జెల్ 1837లో నిరూపించిన ఫలితాన్ని ఇప్పుడు మనం చదువుకునే పద్ధతి ఆ డైమెన్షన్ లెక్క మీదే నడుస్తుంది: 20 డిగ్రీల కొసైన్ విలువ అకరణీయ మూలాలు లేని ఒక ఘన సమీకరణానికి మూలం కనుక దాని డిగ్రీ 3, ఆ పరికరాలతో గీయగల పొడవుల డిగ్రీ మాత్రం 2 ఘాతమే అయి తీరాలి. తొమ్మిదో తరగతి పిల్లవాడు అడగగల ప్రశ్నకు జవాబు ఎమ్మెస్సీ గాల్వా థియరీలో దొరుకుతుంది. రేపు జూనియర్ లెక్చరర్ కాబోయేవారికి ఇంతటి సిద్ధాంతం ఎందుకని అడిగేవారికి నేను చెప్పే సమాధానం కూడా ఇదే.

పోటీ పరీక్షల లెక్కలోనూ ఈ క్రమమే లాభం. పరిశోధన ఫెలోషిప్‌కు, అధ్యాపక అర్హతకు రాసే సీఎస్ఐఆర్ నెట్ గణిత పత్రంలో మొత్తం 200 మార్కులకు 95 మార్కులు పార్ట్ సీ వి. అందులో ఒక్కో ప్రశ్నకు ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులు ఉండవచ్చు, అన్నింటినీ గుర్తిస్తేనే 4.75 మార్కులు. సిలబస్‌లో మొదటి యూనిట్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రాలే. పాత పేపర్ల చదువు సెమిస్టర్ పరీక్షను దాటిస్తుంది గాని, ఏ షరతు తీసేస్తే ఏ సిద్ధాంతం కూలుతుందో తెలియనివారిని పార్ట్ సీ దాటనివ్వదు.

అందుకే ప్రణాళిక చివరి నుంచి మొదలుపెట్టాలంటాను. నాలుగో సెమిస్టర్‌లో ప్రాజెక్టు దేనిమీద చేయాలో తాత్కాలికంగానైనా మొదటి నెలలోనే రాసుకోవాలి. దానికి మూడో సెమిస్టర్‌లో ఏ ఎలక్టివ్ కావాలో, ఆ ఎలక్టివ్‌కు ముందు ఏమేం వచ్చి ఉండాలో వరుసగా వెనక్కి రావాలి. ఫ్లూయిడ్ డైనమిక్స్ వైపు వెళ్లేవారికి పాక్షిక అవకలన సమీకరణాలు, సంఖ్యాత్మక పద్ధతులు, కొంత ప్రోగ్రామింగ్ కావాలి. సంభావ్యత, డేటా సైన్స్ అనుకునేవారికి మెజర్ థియరీ, లీనియర్ ఆల్జీబ్రా రెండూ తప్పవు. ఆపరేషన్స్ రీసెర్చ్ తక్కువదని నా ఉద్దేశం కాదు. ఆప్టిమైజేషన్ మీద ఆసక్తితో దాన్ని ఎంచుకునేవారికి అది మంచి దారి. నోట్సు దొరికిందన్న కారణంతో ఎంచుకోవడమే తప్పు.

మన రాష్ట్రంలో డిగ్రీ స్వరూపం మారడంతో ఈ అవసరం ఇంకా పెరిగింది. డిగ్రీలో ఎంపీసీ చదివి వచ్చినవారికి భౌతికశాస్త్రం తోడుగా ఉండేది. 2023-24లో వచ్చిన సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) విధానంలో మైనర్‌గా వేరే సబ్జెక్టు తీసుకున్న విద్యార్థికి క్లాసికల్ మెకానిక్స్ పూర్తిగా కొత్త. అటువంటివారు మొదటి సెమిస్టర్ ముందే ఆ లోటు పూడ్చుకోవాలి.

కోరుకున్న ఎలక్టివ్ తమ విభాగంలో చెప్పేవారు లేకపోతే ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్నే. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చదవడానికి విశ్వవిద్యాలయం అనుమతించవచ్చు. రెండో, మూడో సెమిస్టర్ల మధ్య వచ్చే వేసవి కూడా విలువైనదే. 1993 నుంచి నడుస్తున్న ఎంటీటీఎస్ (గణిత విద్యార్థులకు వేసవి శిక్షణ కార్యక్రమం) వంటి శిక్షణలకు దరఖాస్తు చేసుకోవాలంటే మాత్రం ఆ సంగతి వేసవికి నెలల ముందే తెలిసుండాలి.

అధ్యాపకులు చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఖర్చేమీ లేదు. మూడో సెమిస్టర్‌లో ఏ ఎలక్టివ్‌లు చెప్పబోతున్నారో, ఒక్కోదానికి ఏ పేపర్లు ఆధారమో మొదటి సెమిస్టర్ తొలి వారంలోనే నోటీసు బోర్డులో పెడితే చాలు. ఆ అమ్మాయి ఆరోజు టిక్కు చెరిపి గాల్వా థియరీ రాసుకుంది గాని, మొదటి ఏడాది లీనియర్ ఆల్జీబ్రాను వదిలేసి మిగతా యూనిట్లతో పరీక్ష గట్టెక్కానని కూడా చెప్పింది. దసరా సెలవులన్నీ క్షేత్రాల దాకా రాకముందే సదిశాంతరాళాలకు పోయాయి.