బేతాళుడి నియమం తెలియకుండా చందమామ ఆట తయారుకాదు

చెన్నైలో ఆర్కాట్ రోడ్డు మీద వడపళని దాటుతుంటే, ఒకప్పుడు విజయా, వాహినీ స్టూడియోలున్న చోట ఇవాళ మాల్, ఆస్పత్రి కనిపిస్తాయి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మొదలుపెట్టిన చందమామ దశాబ్దాలపాటు ఈ పరిసరాల్లోనే తయారై దేశమంతా తిరిగింది. 2007లో యాజమాన్యం మారింది. 2013 నాటికి పత్రికే ఆగిపోయింది. పాఠకులు మాత్రం దాన్ని వదల్లేదు. సంచికలు బైండు చేయించి దాచుకున్నవాళ్లున్నారు, పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టినవాళ్లున్నారు. ఇప్పుడు చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు కంపెనీల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుర్రాళ్లు కొందరు, శని ఆదివారాల్లో కూర్చుని ఆ లోకంతో గేములు తయారుచేయాలని చూస్తున్నారు. వాళ్ల ప్రయత్నాలు కొన్ని దగ్గరుండి చూశాను. వాళ్ల ఇష్టం మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఆ ఇష్టాన్ని ఎక్కడ ఖర్చుపెడుతున్నారన్నదే నన్ను ఆలోచనలో పడేసింది.

దాదాపు అందరూ మొదట చేసే పని ఒకటే. విక్రమార్కుడి బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి. బొమ్మ పరిగెడుతుంది, దారిలో పిశాచాలొస్తాయి, నరికితే నాణేలు రాలతాయి. చూడగానే చందమామ అని తెలిసిపోతుంది. పది నిమిషాలు ఆడాక అందులో చందమామ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ బొమ్మ తీసేసి ఇంకెవర్ని పెట్టినా ఆట మారదు. పాత్రల ముఖాలు వచ్చాయి, వాళ్లు బతికే లోకపు నియమం రాలేదు. అభిమానులు చేసే ఆటలో మొట్టమొదట రావాల్సింది ఆ నియమమేనని నా వాదన.

ఈ చిక్కు మనకొక్కళ్లకే కాదు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ పుస్తకాల అభిమానులకు నలభై ఏళ్లుగా ఉంది. 1983లో అమెరికాలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి మోరియా అనే గేము రాశాడు. దాని నుంచి 1990లో ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయంలో ఆంగ్‌బాండ్ పుట్టింది. అక్షరాలు, గుర్తులే బొమ్మలుగా కనిపించే ఆ ఆటను అభిమానులు ఇప్పటికీ మెరుగుపరుస్తూనే ఉన్నారు. కింది అంతస్తులకు దిగేకొద్దీ పెరిగే భయం అందులో అద్భుతంగా పండింది. కానీ ఆట లక్ష్యం చూడండి: టోల్కీన్ కథల్లోని దుష్టులు ఇద్దరిని, 99వ అంతస్తులో సౌరాన్‌ను, 100వ అంతస్తులో మోర్గాత్‌ను చంపాలి. ఒంటరి వీరుడు బలం పెంచుకుంటూ పోయి చెడుకు మూలపురుషుణ్ణి నరికేయడమన్నది టోల్కీన్ లోకం ఒప్పుకోని పని. ఆయన కథలోని మాయ ఉంగరానికి ఒక నియమం ఉంది. తొడుక్కుంటే ఇప్పటికి గండం గట్టెక్కుతుంది, తొడుక్కున్న ప్రతిసారీ మనిషి కొంత చేజారిపోతాడు. ఆంగ్‌బాండ్ గొప్ప ఆటే. ఆ పుస్తకాలు చదివినవాడికి కలిగే బెంగ మాత్రం అందులో దొరకదు.

ఇక బేతాళ కథల నియమానికొద్దాం. మనకు తెలిసిందే గదా అని ఎవరూ దాన్ని సరిగ్గా పట్టించుకోరు. రాజు శవాన్ని మోస్తూ నోరు మెదపకూడదు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం చెట్టెక్కేస్తుంది. అంటే ఇక్కడ సరైన జవాబే ఓటమి. గేము తయారుచేసేవాళ్లు అలవాటు కొద్దీ దీన్ని క్విజ్ చేసేస్తారు. నాలుగు జవాబులు, ఒకటి నొక్కాలి, కరెక్టయితే వంద పాయింట్లు. అక్కడితో విక్రమార్కుడు పోటీపరీక్షలు రాసే అభ్యర్థి అయిపోయాడు.

మరి ఓడిపోతూ ఉండే ఆటను ఎవరాడతారు? దీనికి జవాబు పాత బేతాళ పంచవింశతిలోనే ఉంది. చివరి కథకు రాజు దగ్గర నిజంగానే జవాబు లేదు. మౌనంగా నడిచాడు. అప్పుడు బేతాళుడు మెచ్చి, శవం తెమ్మన్న భిక్షువు అసలు పన్నాగం రాజుకే ఎసరు పెట్టడమని చెప్పి, తప్పించుకునే ఉపాయం కూడా చెప్పాడు. సాష్టాంగపడమంటే ఎలా పడాలో చూపించమని అడుగు, వాడు వంగగానే నరికెయ్యి అన్నాడు. జాగ్రత్తగా చూస్తే, రాజు ప్రాణాలు కాపాడింది చివరి మౌనం ఒక్కటే కాదు. అంతకుముందు చెట్టుకూ శ్మశానానికీ మధ్య వృథాగా తిరిగినట్టనిపించిన నడకలన్నీ కలిసి బేతాళుడి మెప్పు సంపాదించిపెట్టాయి. మొదటిసారే శవాన్ని గమ్యం చేర్చి ఉంటే రాజు బలైపోయేవాడు.

ఆట ఇక్కడ పుడుతుంది. జవాబు చెబితే చెట్టు దగ్గరికి వెనక్కి పోతావు, ఆ కథ చీటీ మాత్రం నీ దగ్గరే ఉంటుంది. చీటీలు పోగవకుండా గబగబా శ్మశానం చేరావా, భిక్షువు చేతిలో అయిపోతావు. మరీ ఎక్కువ తిరిగావా, తెల్లారిపోతుంది. ఎప్పుడు మౌనంగా ఉండాలన్నది ఆడేవాడు తేల్చుకోవాలి. కత్తియుద్ధం ఒక్కటి లేకపోయినా ఇది చందమామ చదివినవాడి ఒళ్లు జలదరించే ఆట.

దీంట్లో ఒక పెద్ద ముడి ఉంది, అదే నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. ఆడేవాడు మౌనంగా ఉన్నాడంటే నిజంగా తెలియకా, తెలిసీ దాస్తున్నాడా? ఫోనుకు ఈ తేడా పట్టుకునే దారి లేదు. మనుషులు పట్టుకుంటారు. చెన్నైలోని పెరుంగుడిలో ఒక అపార్టుమెంటు కింద పిల్లలు ఈ ఆట ఆడుతుంటే కూర్చుని చూశాను. అక్కడి కుర్రాళ్లు దాన్ని కంప్యూటరు జోలికి పోకుండా ముందు అట్టముక్కల మీద రాసి తయారుచేశారు. బేతాళుడి వంతు వచ్చిన పిల్లవాడు, చచ్చిన సింహాన్ని బతికించిన నలుగురు అన్నదమ్ముల కథ చదివి, తప్పెవరిదని అడిగాడు. విక్రమార్కుడైన అమ్మాయి అట్ట కిందపెట్టి పెదాలు బిగించింది. పక్కనున్న బుడతడు ఊరుకోలేదు. "అక్కా, నీకు తెలుసు. నవ్వాపుకుంటున్నావ్. చెప్పకపోతే తల పగులుద్ది" అన్నాడు. అమ్మాయి ఆగలేక, ప్రాణం పోసినవాడిదే తప్పనేసింది. బేతాళుడి దగ్గరున్న జవాబు కూడా అదే. ఇంకొకడు మాత్రం, ఎముక ఏరుకొచ్చిన మొదటివాడు లేకపోతే ఏదీ జరిగేది కాదుగా అని అడ్డం తిరిగాడు. ఆట ఆగిపోయి వాదన మొదలైంది. ఎవరికీ ఇంటికి వెళ్లాలని లేదు.

అందుకే బేతాళ కథలకు ఫోనుకన్నా చాప మీద ఆడే చీట్లాటే సరైన రూపమని గట్టిగా నమ్ముతున్నాను. మొహం చూసి మనసు పట్టేసే నలుగురు ఎదురుగా కూర్చుంటేనే తల పగులుతుందన్న బెదిరింపు పనిచేస్తుంది. యాప్ చేయకపోతే ఎవరు చూస్తారనే ప్రశ్న వస్తుందని తెలుసు. ప్రింటు తీసుకుని కత్తిరించుకునే పీడీఎఫ్ ఒకటి పెడితే ఏ ఊళ్లోనైనా ఆడుకోవచ్చు.

చందమామలో నెలనెలా వచ్చిన సీరియళ్ల సంగతి వేరు. అవి ఫోను తెరకు బాగా నప్పుతాయి. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ఆ జానపద సీరియళ్లలో తరచుగా జంట కథానాయకులుంటారు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకడు చిక్కుకుంటే ఇంకొకడు విడిపించాలి, ఇద్దరికీ ముందున్న దారి తెలియదు. దీన్ని ఒక్కడే ఆడే గేముగా మార్చి, రెండోవాణ్ణి కంప్యూటరుకు అప్పగిస్తే సగం ప్రాణం పోయినట్టే. ఇద్దరు, రెండు ఫోన్లు ఉండాలి. ఒకరికి కనిపించింది ఇంకొకరికి కనిపించకూడదు. గుహలో ఉన్నవాడు చెబితే తప్ప బయటున్నవాడికి లోపల ఏముందో తెలియకూడదు. ఇద్దరూ మాట్లాడుకుంటేనే ముందుకు సాగాలి.

రెండో నియమం నెలరోజుల ఎదురుచూపు. ప్రతి భాగం ఎవరో ఒకరు ప్రమాదంలో పడ్డచోట ఆగేది. తర్వాతి సంచిక వచ్చేదాకా ఇళ్లలో, బడిలో ఊహాగానాలే. ఇవాళ్టి గేముల్లో "కొనసాగించు" బటన్ వెంటనే వెలుగుతుంది. అభిమానులకు పెట్టుబడిదారులు లేరు, రోజూ ఎంతమంది తెరిచారో లెక్క చెప్పే అవసరం లేదు. కాబట్టి వాళ్లు నెలకు ఒక్క భాగం విడుదల చేయగలరు. పెద్ద కంపెనీలకు లేని ఈ వెసులుబాటును మనవాళ్లు వాడుకోకపోవడం నాకు బాధగా ఉంది.

బొమ్మల దగ్గర నాకు కచ్చితమైన అభిప్రాయముంది. చందమామ చిత్రకారులు చిత్రా గారి సీరియల్ బొమ్మలు, శంకర్ గారి బేతాళుడు మన కళ్లలో అచ్చుపడిపోయాయి. వాటిని స్కాన్ చేసి కత్తిరించి గేములో అతికించడం, లేదా అదే గీతను ఏఐ చేత గీయించడం తప్పు. శంకర్ గారు 2020లో ఇదే చెన్నైలో కన్నుమూశారు. తొంభై ఏళ్లు దాటినా గీస్తూనే ఉన్న మనిషి గీతను అడక్కుండా యంత్రానికి మేతగా వేయడం అభిమానులు చేయాల్సిన పని కాదు. చేయి తిరగని కుర్రాడు సొంతంగా గీసిన వంకర బేతాళుడు నాకు నూరుపాళ్లు ఇష్టం.

చట్టం మాట కూడా తెలుసుకుని దిగాలి. ఉచితంగా ఇస్తున్నాం కదా, ఎవరేమంటారులే అనే ధీమా చెల్లదు. టోల్కీన్ లోకాన్ని స్కైరిమ్ గేములో తిరిగి కట్టాలని అభిమానులు ఉచితంగా చేస్తున్న ఒక ప్రాజెక్టు 2012లో వార్నర్ బ్రదర్స్ నోటీసుతో ఆగిపోయింది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్లవరకు హక్కులుంటాయి. దాసరి గారు 2010లో పోయారు, అంటే 2070 ముగిసేదాకా ఆ సీరియళ్లకు రక్షణ ఉంటుంది. హక్కు ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. ఆయన చందమామ ఉద్యోగి. అదే చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రిక ఉద్యోగి ఆ పత్రిక కోసం రాసినదాన్ని పత్రికల్లో ప్రచురించుకునే హక్కు యజమానిది, మిగతా అన్ని విషయాల్లో తొలి హక్కుదారు రచయితే. కాబట్టి గేము చేసేవాళ్లు పాత కంపెనీ ఆస్తులు ఎవరి చేతికెళ్లాయని వెతకడంతో సరిపెట్టకుండా, రచయిత కుటుంబాన్ని కూడా వెతికి అడగాలి. ఆ సీరియళ్లు ఏళ్ల తరబడి రచయిత పేరు లేకుండానే వచ్చాయి. కనీసం గేము మొదటి తెర మీదైనా ఆయన పేరు కనిపించాలి.

అనుమతి దొరక్కపోతే? దారి మూసుకుపోదు. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట తొలి ముద్రణల్లో టోల్కీన్ సృష్టించిన పొట్టి మనుషులు, హాబిట్లుండేవారు. టోల్కీన్ హక్కుదారులు అభ్యంతరం చెప్పాక వాళ్లు హాఫ్లింగులయ్యారు, ఆట యాభై ఏళ్లు బతికింది. జంట వీరులు, సగం సగం కనిపించే దారి, నెలకో గండం. ఇవి నియమాలు. వీటికి కొత్త పేర్లు, కొత్త అడవులు పెట్టుకోవచ్చు. విక్రమ బేతాళుల మూలకథయితే సోమదేవుడు పదకొండో శతాబ్దంలోనే కథాసరిత్సాగరంలో చేర్చినది, అందరి సొత్తు. చందమామ ఆ ఇరవై అయిదు కథలకు ఆగకుండా దశాబ్దాలపాటు కొత్తవి చెబుతూ పోయింది. వాటి జోలికి వెళ్లకుండా పాతవే తీసుకున్నా ఆటకు సరిపడా సరుకుంది.

ఒక సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే దీనివల్లే చాలామంది చివరికి ఇంగ్లీషులోకి జారిపోతున్నారు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో, అంటే గేము ఇంజన్లలో, తెలుగు ఒత్తులు తరచుగా సరిగా కూర్చోవు. 'రాక్షసుడు' తెర మీద 'రాక్‌షసుడు' అయి కూర్చుంటాడు. ఉచితంగా దొరికే గోడో ఇంజన్ 2023లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి మన లిపిని సరిగ్గా చూపిస్తోంది. బ్రౌజరులో నడిచే ట్వైన్‌లో అయితే మొదటినుంచీ ఈ ఇబ్బంది లేదు, కోడింగ్ రానివాళ్లు కూడా అందులో కథ అల్లుకోవచ్చు. బొమ్మలు లేకపోతే ఎవరాడతారని భయపడక్కర్లేదు. టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలల మీద అభిమానులు కట్టిన ఆట 1991 నుంచి నడుస్తోంది. అందులో ఉన్నదంతా అక్షరాలే.

పెరుంగుడి కుర్రాళ్లు ఇప్పుడు సీరియల్ ఆట మొదలుపెట్టారు. సొంత పేర్లు, సొంత అడవి, ట్వైన్‌లో తెలుగు. మొదటి భాగంలో ఒకడు బావిలో పడతాడు, రెండోవాడి తెర మీద తాడు కనిపిస్తుంది కానీ బావి కనిపించదు. రెండో భాగం నెల ఆగి ఇవ్వాలా, వారానికే ఇచ్చేయాలా అని వాళ్లలో వాళ్లకు ఇంకా తెగలేదు. నన్నడిగితే నెల అన్నాను.