తిరుగుడే తప్ప బిగుసుడు లేని బోల్టు గారికి

మహారాజశ్రీ ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. తలవడమెందుకులెండి, కళ్లారా చూస్తూనే ఉన్నాను. మా ఇంటావిడ పారేద్దామనుకున్న సొట్ట గిన్నెలో, డీజిల్‌లో మునిగి, నా ఎదురుగానే హాయిగా పడుకుని ఉన్నారు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి మీ సేవలో కింద కూర్చున్నవాణ్ని దీపాలు పెట్టే వేళకు లేచాను. అది కూడా మా అమ్మాయి చెయ్యందిస్తేనే. గోళ్ల కింద ఇనుప రజను, మోచేతి దాకా గ్రీజు. పొద్దున వండిన నాటుకోడి కూర సాయంత్రం నా వైపు ఎలా చూసిందో మీకు చెప్పినా అర్థం కాదు.

మీ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మీరు ఊడిపోయారని కాదు. ఊడిపోయే వస్తువంటే నాకు గౌరవమే. సైకిల్ చైను ఊడితే ఊడానంటుంది. చెప్పు తెగితే నడిబజార్లో తెగుతుంది, దాపరికం ఉండదు. మీరు అట్లా కాదు. పానా పెడితే తిరుగుతారు. తిరుగుతూ తిరుగుతూ కాస్త బిర్రుగా పట్టినట్టు చేతికి భరోసా ఇస్తారు. మనిషన్నాక ఆశ ఉంటుంది కదా, ఇంకో పావు చుట్టు తిప్పుతాం. అంతే, చెయ్యి ఒక్కసారిగా తేలికైపోతుంది. పెరుగులో చెంచా తిప్పినట్టు పానా తిరుగుతుంది. ఎటూ పట్టదు, ఎక్కడా ఆగదు. ఆ తేలిక ఉంది చూశారూ, లిఫ్టు తాడు తెగినవాడికి, తలుపు తీసే ఉందని తెలియక దాన్ని భుజంతో గుద్దినవాడికి మాత్రమే తెలుస్తుంది.

పోనీ మీ ఉద్యోగమేమైనా పెద్దదా? మా నాయిన మొబిలిటీ స్కూటర్‌కు, అంటే నడవలేనివాళ్లు కూర్చుని పోయే బ్యాటరీ బండికి, వెనక కుడి చక్రాన్ని తిప్పేది మీరు కాదు. ఇరుసు గాడిలో కూర్చున్న వేలెడంత ఇనుప ముక్క ఉంటుంది, కీ అంటారు. బండిని లాగే భారమంతా దానిదే. ఇరుసు చివర మరలున్న రంధ్రంలో దూరి, ఒక మందపాటి వాషర్‌ను అడ్డం పెట్టుకుని, చక్రం బయటికి జారకుండా చూడటం మీ పని. అంటే వాచ్‌మన్ నౌకరి. వాచ్‌మన్ నిద్రపోతాడని విన్నాను గానీ, గేటుతో సహా నడిచి వెళ్లిపోయినవాణ్ని మిమ్మల్నే చూశాను.

బుధవారం సాయంత్రం సంగతి మీకు గుర్తు చేయాలా? నాయిన గడియారం సెంటర్ దాకా వెళ్లి చాయ్ తాగొస్తానని బయల్దేరాడు. గల్లీ మలుపు తిరుగుతుంటే చక్రం ఇరుసు మీద నుంచి మెల్లగా, పెళ్లి పందిట్లోంచి అలిగిపోయే చుట్టంలా, బయటికొచ్చింది. బండి గంటకు ఆరు కిలోమీటర్లు పోతుంది కాబట్టి దెబ్బ తగల్లేదు. పరువుకు తగిలింది. నలుగురు పిల్లలు ఆయన్ను సీటుతో సహా ఎత్తి, చెర్వుగట్టు జాతరలో పల్లకీ మోసినట్టు ఇంటికి మోసుకొచ్చారు. ఐదోవాడు చక్రాన్ని దొర్లించుకుంటూ వెనకాల. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి అట్లా ఊరేగాల్సి వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు. మంచం మీద కూర్చుని చక్రం దిక్కు చూసి, తర్వాత నా దిక్కు చూశాడు. ఆ చూపుకు జవాబు మీరే చెప్పాలి.

నాయినను నడవనివ్వని ఆ మోకాళ్ల కథ వేరే. తాగే నీళ్లలో ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకాల్లో రాసి ఉంది. నాయిన పుట్టి పెరిగిన మర్రిగూడ దిక్కు బావులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అందుకే తమ్ముడు డల్లాస్‌లో కూర్చుని ఆన్‌లైన్లో ఈ బండి బుక్ చేశాడు. మంచి పనే. కాకపోతే చక్రం ఊగుతోందంటే వీడియో కాల్లో, "అన్నా, జస్ట్ టైట్ చెయ్యి" అన్నాడు. జస్ట్ అంట.

నేను టైట్ చేశాను. మొదటి మోసం అక్కడే జరిగింది. ఆ తేలిక చేతికి తగలగానే భయపడి మిమ్మల్ని బయటికి తీశాను. మీ ఒంటికి వెండి తీగ చుట్టుకుని ఉంది. సేమ్యా కన్నా సన్నం, వెలుతురుకు పట్టి చూస్తే తళతళలాడుతోంది. కాసేపు ముచ్చటపడ్డాను కూడా. అది ఇరుసు లోపలి మర అని, అది అట్లా చుట్టలా బయటికొచ్చిందంటే లోపల ఇక పట్టుకోవడానికి పెద్దగా ఏం మిగల్లేదని తర్వాత తెలిసింది.

నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతి ఒకటుంది. నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కనిపెట్టి, దానికి మా ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నా దగ్గరా ఒక నల్లగొండ టెక్నిక్ ఉంది. టెఫ్లాన్ టేపు ఏడు చుట్లు, పక్కన ఒక అగ్గిపుల్ల, పైన సైకిల్ ట్యూబు ముక్క. నాలుగు రోజులు ఆగింది. శాస్త్రవేత్తలెవరూ రాలేదు.

ఆ తర్వాత హార్డ్‌వేర్ షాపుకు పోయాను. షాపాయన మిమ్మల్ని వేళ్ల మధ్య దొర్లించి, డబ్బాలో చెయ్యిపెట్టి, చూడకుండానే ఇంకోటి తీసిచ్చాడు. "ఇదే పడ్తదన్నా, రెండున్నర సూతు. అందరు ఇదే తీస్కపోతరు." పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చం కవలలే. ఇంటికొచ్చి పెట్టాను. రెండు చుట్లు లోపలికి పోయి ఆగింది. ఆహా, ఎంత బిర్రుగా పట్టిందో అని మురిసిపోయి ఇంకాస్త బలం పెట్టాను.

అది మీ అంశ కాదండీ! రెండున్నర సూతు అంటే అంగుళంలో పదహారో వంతులు ఐదు, అంటే 7.94 మిల్లీమీటర్లు. మీరు 8. ఆ తేడా కంటికేం కనపడుతుంది? అసలు తేడా మరల్లో ఉంది. మీకు చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు. దానికి అంగుళానికి 18 చుట్లు, అంటే ఒక్కోటి 1.41. పది మిల్లీమీటర్ల పొడవులో మీరు ఎనిమిది మెట్లు దిగుతారు, అది ఏడే దిగుతుంది. ఒకే బావిలో రెండు లెక్కల మెట్లు. బిర్రుగా పట్టిందనుకున్నది పట్టు కాదు, లోపల మిగిలిన నాలుగు మరలనూ అది నమిలేస్తుంటే పుట్టిన రాపిడి. బుధవారం నాడు చక్రాన్ని బజారున పడేసింది ఆ మారుబోల్టే. కానీ దానికి దారి తీసిందెవరు? మీరే. కాదు, నువ్వే. ఇక గారూ లేదు, మీరూ లేదు. నువ్వు మొదటి రోజే "నా వల్ల కాదు" అని ఊడి కిందపడి ఉంటే, నా కాళ్లకు మొక్కినంత పుణ్యం ఉండేది నీకు.

కంపెనీవాళ్లకు ఫోన్ చేశాను. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందట, బండి తీసుకురమ్మన్నారు. గంటకు ఆరు కిలోమీటర్లు పోయే బండి, మూడు చక్రాల మీద, వంద కిలోమీటర్లు. లెక్క నువ్వే వేసుకో, నాకు ఓపిక లేదు.

లేతు షాపతను నయం. ఇరుసు ఊడదీసి తెస్తే రంధ్రం వెల్డింగుతో నింపి మళ్లీ డ్రిల్ చేసి ట్యాపు, అంటే మర కోసే పనిముట్టు, కొడతానన్నాడు. ఇరుసు ఊడదీయాలంటే మోటారు, గేర్‌బాక్సు, బ్యాటరీలు, నా సంసారం అన్నీ ఊడదీయాలి. అందుకని కిట్ తెప్పించాను. డ్రిల్ బిట్, ట్యాపు, బాల్‌పెన్ స్ప్రింగు లాంటి స్టీలు తీగ చుట్టలు. పాడైన మరను పెద్దగా తొలిచి, కొత్త మర కోసి, అందులో ఆ తీగ చుట్టను తిప్పి దింపితే, దాని లోపలి వైపు మళ్లీ నీ కొలతే వస్తుంది. వీడియోలో ఆయనెవరో నాలుగు నిమిషాల్లో చేశాడు. ఆయనకు బల్ల ఉంది, వైస్ ఉంది, తెల్లటి లైటు ఉంది. నాకు బండి కింద రెండు ఇటుకలు, సెల్‌ఫోన్ లైటు పట్టుకున్న ఏడో తరగతి బిడ్డ.

బ్యాటరీ ప్లగ్గు పీకి, లివర్‌ను గేరులోనే ఉంచాను. కరెంటు లేకపోతే మోటారు బ్రేకు దానంతటదే పట్టేస్తుంది, ఎడమ చక్రం నేల మీద ఉంది, కాబట్టి ఇరుసు తిరగదు. ఈ బండిలో మాట మీద నిలబడేది ఆ బ్రేకు ఒక్కటే. 8.3 మిల్లీమీటర్ల బిట్టుతో తొలిచేటప్పుడు బిడ్డ పక్కన నిలబడి, "నాన్నా, కిందికి వంగింది, కొంచెం పైకి" అని చెప్తూనే ఉంది. వంకర పోతే బోల్టు తల వాషర్ మీద ఒక పక్కే కూర్చుంటుంది. తర్వాత ట్యాపు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, ఒక చుక్క నూనె. వెనక్కి తిప్పినప్పుడల్లా లోపల రజను తెగి చిటుక్కుమంటుంది. ట్యాపు గట్టిదే గానీ పెళుసు. లోపల విరిగిందా, మామూలు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. ఆ అర చుట్టు, పావు చుట్టుతో నాలుగు గంటలు గడిచాయి. నా పెళ్లి తంతు కూడా అంతసేపు పట్టలేదు.

తీగ చుట్ట దిగింది. దాని అడుగున చిన్న తోక ఉంటుంది, పనయ్యాక విరిచేయాలి. తోక విరుస్తున్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు, చాలా తృప్తిగా అనిపించింది.

కొత్త బోల్టు పెట్టబోతుంటే అప్పటిదాకా మాట్లాడని నాయిన మంచం మీద నుంచి, "ముందల ఎనకకు తిప్పు" అన్నాడు. తిప్పాను. ఒకచోట వేళ్లకు చిన్న టక్కుమని తగిలింది, మర మొదలు మరను వెతుక్కుని కూర్చున్న చప్పుడు. అక్కణ్నుంచి ముందుకు తిప్పితే వేళ్లతోనే సాఫీగా పోయింది. తర్వాత పానా పెట్టాను. ఈ సైజు బోల్టుకు 25 న్యూటన్ మీటర్లు చాలట. అంటే జానెడు పానా చివర పది, పదకొండు కిలోల బరువు. నా చెయ్యి అలవాటుగా పైపు కోసం వెతికింది.

అవును, పైపు. నీకు తెలిసిన సంగతే కాబట్టి దాచి లాభం లేదు. మొదటి రోజు తమ్ముడు జస్ట్ అన్నప్పుడు, పానాకు మూరెడు పైపు తొడిగి ఒంటి బరువంతా మోపింది నేనే. బోల్టు బిగించినప్పుడు మొదటి మర ఒక్కటే దాదాపు మూడో వంతు భారం మోస్తుందట. ఆ తర్వాతిది కొంత, దాని తర్వాతిది ఇంకొంత, చివర్లో ఉన్నవి పేరుకే. ఇంటికి పెద్దకొడుకు బతుకు. ఆ సంగతి నాకన్నా బాగా ఇంకెవరికి తెలియాలి? అయినా దాని మీదే పైపు వేసి లాగాను.

"ఇగ చాలు బిడ్డా" అన్నాడు నాయిన. ఇంకో పావు చుట్టు తిప్పుదామని చెయ్యి గుంజుతోంది. ఆపుకున్నాను.

నిన్ను చెత్తబుట్టలో వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. డిపో అలవాటు, బోల్టన్నది ఏదీ పారేయడు. "తలకాయ మంచిగనే ఉన్నది, ఎందుకన్న పనికొస్తది" అని డీజిల్‌లో వేయించాడు. రేపు తుడిచి ఆయన రేకు డబ్బాలో వేస్తాను. మీ జాతివాళ్లు అందులో రెండు వందల దాకా ఉన్నారు. కులాసాగా ఉండండి. తిరుగుతూ ఉండండి.

ఇట్లు,
పానా పట్టినవాడు

తా.క.: ఎడమ చక్రానికి మీ తమ్ముడున్నాడు. పొద్దున ఊరికే పానా పెట్టి చూశాను. కొంచెం తిరిగినట్టనిపించింది. బిగుసుకుంటూ తిరిగాడో, ఉత్తగనే తిరిగాడో తెలిసేలోపే పానా తీసి దాచేశాను. నాయినకు చెప్పకు.