ఎలా నేర్పారో కూడా రాయండి

పెంపుడు కుక్కలకు విద్యలు నేర్పి పిల్లలు టీవీలో పోటీపడే కార్యక్రమం గురించి మీరు రాసింది చదివి, మా అమ్మాయి అప్పుడే మా కుక్కతో షేక్‌హ్యాండ్ మొదలుపెట్టేసింది. చాలా సంతోషం. కానీ గెలిచినవాళ్ల గురించే ఎక్కువ రాసి, ఎలా నేర్పారన్నది రెండు ముక్కల్లో తేల్చేశారు. పిల్లలకు కావలసింది అదే కదా.

కుక్క చెప్పినట్టు కూర్చుందా, ఆ క్షణంలోనే తినడానికి చిన్న ముక్క పెట్టాలి. ఆలస్యమైతే దేనికి పెట్టామో దానికి అర్థం కాదు. 'టిక్' అని చప్పుడు చేసే క్లిక్కర్ వాడేది అందుకే: కుక్క సరిగ్గా చేసిన క్షణంలోనే టిక్ మనిపించి, వెంటనే ముక్క పెడతారు. మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ 1951లోనే ఈ పద్ధతిని వివరించారు. కాసేపు నేర్పి ఆపేయాలి. కొట్టడం అసలే వద్దు.

మన విశాఖ వాళ్లకు ఇంకో మాట. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఒగరుస్తూనే చల్లబడాలి. మన ఉక్కపోతలో అది ఎంత కష్టమో! మే నెల ఎండలో ఆర్కే బీచ్ ఇసుక మీద ట్రైనింగ్ అంటూ పరుగెత్తిస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పొద్దున్నే తీసుకెళ్లండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే మరీ ప్రమాదం. ఏడాది నిండని కూనలతో ఎత్తు గెంతులు వేయించకండి, ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి.

తెలుగు ఛానెళ్లు ఇలాంటి పోటీ పెడితే, వీధికుక్కను చేరదీసి పెంచుకునే పిల్లలకూ చోటివ్వాలి.