టీసీ నార్మలే కదా అంటే సరిపోదు

కడుపులో ఇన్ఫెక్షన్ అనగానే మనవాళ్ళు ముందు అడిగేది "టీసీ ఎంతొచ్చింది?" అనే. టీసీ అంటే రక్తంలో తెల్లకణాల మొత్తం లెక్క. పన్నెండు వేలు దాటితే ఇల్లంతా కంగారు. తొమ్మిది వేలుంటే "పర్లేదులే" అని టీ తాగడానికి కిందకి దిగుతారు. చుట్టాల సంగతి సరే, కొందరు డాక్టర్లూ ఆ అంకెనే పట్టుకుని వేలాడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తెల్లకణాలు ఎన్నున్నాయో టీసీ చెప్తుంది. అవి పనిచేస్తున్నాయో లేదో చెప్పదు. బందోబస్తుకు ఎంతమంది పోలీసులొచ్చారో లెక్కపెట్టి, అందులో నిలబడే ఓపిక ఎందరికుందో చూడనట్టే ఇది.

అపెండిక్స్ పగిలినా, టైఫాయిడ్‌తో పేగుకు చిల్లు పడినా, పేగుల్లోని బ్యాక్టీరియా పొట్టలోకి ఒలుకుతుంది. దాన్ని ఎదుర్కోవాలంటే తెల్లకణం తిండి వాడుకునే తీరే మారాలి. మామూలప్పుడు మోనోసైట్ అనే తెల్లకణం ఆక్సిజన్ వాడుకుని, కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియాలో నిదానంగా శక్తి తయారుచేసుకుంటుంది. బ్యాక్టీరియా తగలగానే, ఆక్సిజన్ ఉన్నా సరే, గ్లూకోజును గబగబా లాక్టేట్‌గా మార్చేయడం మొదలుపెడుతుంది. ఒక్కో గ్లూకోజుకు దక్కే శక్తి తక్కువే, కానీ చేతికి త్వరగా అందుతుంది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒంటి స్పందన అదుపు తప్పి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగుల తెల్లకణాల్లో ఈ రెండు దారులూ దెబ్బతింటున్నాయని 2016లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ పరిశోధకులు చూపించారు. అలాంటి కణం కౌంట్‌లో లెక్కకొస్తుంది, బ్యాక్టీరియా తగిలితే మాత్రం ఉలకదు పలకదు. రోగనిరోధక కణాలను ఉసిగొల్పే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్ ఇస్తే ఆ కణం కొంతవరకు తేరుకుంది కూడా.

మరి పొట్ట కడిగి కుట్లేశాక ఎవరు సెప్సిస్‌లోకి జారతారో ఈ జీవక్రియను చూసి ముందే పసిగట్టొచ్చా? అడగాల్సిన ప్రశ్న ఇదే అని నా నమ్మకం. కానీ "ఒక్క రక్తపరీక్షతో సెప్సిస్ జోస్యం" తరహా హెడ్డింగులు చూస్తే నవ్వొస్తుంది. ఈ రంగంలో చాలా పని ఎలుకల మీదే జరిగింది: సీకం (పెద్దపేగు మొదటి భాగం) కట్టేసి సూదితో పొడిచి, ఏమవుతుందో చూడటం. అది ఆరోగ్యంగా ఉన్న కుర్ర ఎలుక. మన వార్డుకొచ్చేదేమో అరవై దాటిన షుగర్ పేషెంట్, గ్యాస్ నొప్పి అనుకుని నాలుగు రోజులు ఇంట్లోనే పడుకుని. ఆయన కణాలు గ్లూకోజు వాడే తీరు ముందే వేరు. పైగా కొలవాలంటే బతికున్న కణాలు కావాలి, ఆ మెషీన్లు ఉండేది రీసెర్చ్ ల్యాబుల్లో. అసలు రక్తం తీసింది సెప్సిస్ రాకముందా, వచ్చాకా? వచ్చాక తీస్తే జోస్యమెలా అవుతుంది, పోస్ట్‌మార్టమ్ అవుతుంది గానీ!

ఆ పరీక్ష మంచం దాకా వచ్చేలోగా? జ్వరం, నాడి, శ్వాస, తెల్లకణాల కౌంట్: వీటిలో రెండైనా గతి తప్పితేనే సెప్సిస్ అనేవారు ఒకప్పుడు. ఇన్ఫెక్షన్‌తో అవయవాలు దెబ్బతిన్న లక్షమందికి పైగా ఐసీయూ రోగులను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పరిశీలిస్తే, దాదాపు ఎనిమిదిమందిలో ఒకరు ఆ లెక్కకు అందలేదు. ఇది 2015 నాటి మాట. మరుసటి ఏడాదే నిర్వచనం మార్చి అవయవాల పనితీరును ముందుకు తెచ్చారు. మన రిపోర్టు చూసే అలవాటు మాత్రం మారలేదు.

ఈసారి డ్యూటీ డాక్టర్ కనబడితే టీసీ ఎంతని తర్వాత అడగండి. రాత్రి నుంచి యూరిన్ ఎంతొచ్చింది, నిమిషానికి శ్వాస ఎన్నిసార్లు తీస్తున్నారు, లాక్టేట్ చూశారా? ముందు ఇవి అడగండి. ఆయన విసుక్కున్నా పర్లేదు.