దయచేసి ఆ వాల్వుల సంగతి తేల్చకండి

అనంతపురంలో మా కాలనీ పెద్దమనిషి ఒకాయన తన కారు టైమింగ్ బెల్టు ఇంట్లోనే మార్చుకున్నాడు. రాహుకాలం చూసుకుని మరీ పనిలోకి దిగిన మనిషి, పుల్లీల మీద గుర్తులు కలిశాయో లేదో మాత్రం చూసుకోలేదు. సెల్ఫ్ కొడితే లోపల ఎక్కడో 'టక్' మంది. అప్పటి నుంచి కారుకు కవరు, ఆయనకు టెన్షన్.

ఇంజిన్లోకి గాలిని, బయటికి పొగను వదిలే ఆ వాల్వులు వంగాయా, లేదా? ఈ ప్రశ్నను వెంటనే తేల్చేయాలని కొందరు తొందరపడుతున్నారు. వారిని తీవ్రంగా ఖండిస్తున్నాను. అది తేలిపోతే రోజూ సాయంత్రం ఆ కారు చుట్టూ చేరే జనం ఎక్కడికి పోవాలి?

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్లు తయారవడం మొదలైనప్పటి నుంచి, ఇంజిన్ మీద తీర్పు చెప్పే హక్కు జిల్లాలో ప్రతి ఒక్కరికీ వచ్చేసింది. 2022లో జిల్లాలు విడిపోయి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాకు పోయింది గానీ, హక్కు మా దగ్గరే ఉండిపోయింది. దాన్ని వాడుకుని రిటైర్డ్ తహసీల్దారు గారు బ్యాటరీ మార్చమన్నారు. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు తోసి స్టార్ట్ చేద్దామన్నాడు. ఎదురింటాయన కవరు కూడా ఎత్తకుండానే తేల్చేశాడు: "ఏమీ కాదులేప్పా, ఇంకోసారి సెల్ఫ్ కొట్టి సూడు!"

ఈ చివరి సలహా అమూల్యం. పిస్టన్లకు కలిపి ఉండే క్రాంక్ అనే ఇరుసు రెండు చుట్లు తిరిగితే, వాల్వులు తెరిచే క్యామ్ అనే ఇరుసు ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది బెల్టే. చాలా ఇంజిన్లలో వాల్వు దిగే చోటికే పిస్టన్ కూడా వస్తుంది, కాకపోతే వేరే సమయంలో. బెల్టు ఒక పన్ను అటూ ఇటూ అయితే ఇంజిన్ దగ్గుతుంది, పికప్ పోతుంది, చాలాసార్లు అంతటితో బతికిపోతుంది. నాలుగైదు పళ్ళు తప్పితే మాత్రం పిస్టన్ వచ్చి తెరిచి ఉన్న వాల్వును గుద్దే ప్రమాదం ఉంది. దానికి ఇంజిన్ స్టార్ట్ అవ్వాల్సిన పని కూడా లేదు, సెల్ఫ్ మోటారు బలం చాలు. అంటే నిన్నటి దాకా ఉత్త అనుమానంగా ఉన్నదాన్ని ఎదురింటాయన ఒక్క తాళం తిప్పుతో నిజం చేయగలడు. ఇంత ఉదారంగా సాయం చేసే పొరుగువాళ్ళు పెద్ద నగరాల్లో దొరకరు.

ఇంతలో షెడ్డు నుంచి ఒక మెకానిక్ పిల్లోడు వచ్చి అంతా పాడు చేయబోయాడు. స్పార్క్ ప్లగ్గులు తీసి, గుర్తులు కలిపి బెల్టు మళ్ళీ వేసి, క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి, ఇంజిన్ తిరిగే వైపే చేత్తో నిదానంగా రెండు చుట్లు తిప్పాలట. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకూడదట. సాఫీగా తిరిగితే కంప్రెషన్ టెస్ట్ చేస్తే, అంటే సిలిండర్లలో గాలి ఒత్తిడి కొలిస్తే చాలు, వాల్వులు వంగిందీ లేనిదీ బయటపడుతుందట. పైగా "వాల్వులుండే ఇంజిన్ పైభాగం, హెడ్డు, దించాల్సి వస్తే అప్పుడు ఏడుద్దాంలేన్నా, ఇప్పుడే యాల?" అని అడిగాడు. పెద్దల మధ్య ఇలాంటి మాటలా?

అదృష్టం, కారాయన గట్టివాడు. స్పానర్ వైపు చూశాడు, మా అందరి వైపు చూశాడు. "అట్ల తిప్పితే ఏమైందో తెలిసిపోతాది కదప్పా!" అని పిల్లోణ్ణి పంపేశాడు.

ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీలతో ఆ కారు దగ్గరే సమావేశం. అధ్యక్షత తహసీల్దారు గారిది. బ్యాటరీ విషయంలో ఆయన వెనక్కి తగ్గేలా లేరు.