ఫాలాంక్స్ ఒక్కటే గెలిపించలేదు
అలెగ్జాండర్ విజయాలన్నిటికీ సరిస్సా అనే పొడవాటి బల్లెం పట్టి దగ్గరదగ్గరగా వరుసల్లో నిలిచే కాలిబంటుల దళం, అంటే ఫాలాంక్సే కారణమన్న మాటతో నేను ఏకీభవించను. 15 అడుగులకు పైగా పొడవున్న ఆ బల్లేన్ని రెండు చేతులా పట్టుకోవాలి, చిన్న డాలు భుజానికి వేలాడుతుంది. ఎదురుగా వచ్చేవాడికి అది దాటలేని ముళ్లకంచె, నిజమే. కానీ పక్కనుంచో వెనకనుంచో వస్తే ఆ సైనికుడు చటుక్కున తిరగలేడు. క్రీ.పూ. 331లో గాగమేలా దగ్గర ఫాలాంక్స్ మధ్యలో ఖాళీ ఏర్పడి, పర్షియన్ సైన్యంలోని గుర్రపు దళం అందులోంచి దూసుకుపోయింది. ఆ రోజు పర్షియన్ చక్రవర్తి డేరియస్‌ను పారిపోయేలా చేసింది అలెగ్జాండర్ స్వయంగా నడిపిన కంపానియన్ అశ్వికదళం. కొడవళ్లు కట్టిన రథాలను చాలావరకు ఆపింది ఈటెలు విసిరే అగ్రియానియన్లు. వీళ్ల పేరు ఎవరూ తలవరు, నాకు అదే బాధ. ఫాలాంక్స్ పని శత్రువును ఎదురుగా కదలకుండా పట్టి ఉంచడం, దెబ్బ కొట్టేది గుర్రాలు. అలెగ్జాండర్ తర్వాత చాలాకాలానికి, క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర రోమన్లతో జరిగిన యుద్ధంలో, అతని మాసిడోనియానే ఏలిన రాజు పెర్సియస్ ఫాలాంక్స్ వరుసలు ఎగుడుదిగుడు నేలమీద చెదిరాయి, రోమన్లు ఆ సందుల్లో దూరి పొట్టి కత్తులతో నరికారు. పెర్సియస్ గుర్రపు దళం మాత్రం దాదాపు పోరాడకుండానే వెళ్లిపోయింది.